జనం లేని గుట్ట ఎలా ఎక్కాలి: హైదరాబాద్ నుంచి రాచకొండకు ఒక పూట

రాచకొండ పేరు వినని హైదరాబాదీ ఉండడు. 2016లో ఏర్పడిన పోలీసు కమిషనరేట్‌కు ఆ పేరే పెట్టడంతో ఎల్బీనగర్, ఉప్పల్ వైపు జీపుల మీద, బోర్డుల మీద రోజూ కనిపించింది. ఆ పేరు గల కొండను చూసినవాళ్లు మాత్రం తక్కువ. ఆదివారం పొద్దున గుట్ట ఎక్కుదామనుకోగానే బండ్లన్నీ వరంగల్ రోడ్డున భువనగిరి కోటకో, వికారాబాద్ వైపు అనంతగిరికో పోతాయి. కాకతీయుల తర్వాత 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు రాజధాని చేసుకున్న రాచకొండ, భువనగిరి ఉన్న జిల్లాలోనే, సంస్థాన్ నారాయణపురం మండలంలో, మేకల కాపరులకూ గుడికొచ్చే భక్తులకూ తప్ప ఎవరికీ పట్టనట్టు ఉంటుంది.

ఆ నిశ్శబ్దం కోసమే వెళ్లాలి. కానీ భువనగిరికి వెళ్లినట్టు వెళ్లకూడదు. భువనగిరిలో మెట్లున్నాయి, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉంది, టికెట్ ఇచ్చే మనిషి ఉన్నాడు, ముందూ వెనకా జనం ఉన్నారు. దారి తప్పితే చెప్పేవాళ్లుంటారు, కాలు మడతపడితే దించేవాళ్లుంటారు. రాచకొండలో ఇవేవీ లేవు. కాబట్టి వాటన్నిటి పనీ మీరే చేసుకోవాలి. కింద రాసిందంతా అందుకే.

ముందు మీ కాళ్లనూ బూట్లనూ పరీక్షించుకోండి

ఇదివరకు గుట్టలు ఎక్కని వాళ్లు నేరుగా రాచకొండకు రావొద్దు. ముందు ఒకసారి భువనగిరి వెళ్లండి. చాళుక్య ఆరవ విక్రమాదిత్యుడి కాలంలో కోట కట్టిన ఆ గుట్ట మొత్తం ఒకే బండ. మెట్లు అయిపోయాక వాలుగా ఉండే ఉత్త బండ మీద నడవాల్సి వస్తుంది. అక్కడ మీ బూట్లు ఎలా పట్టుకుంటున్నాయో చూసుకోండి. వాలు మీద నిలబడి, అరికాలు మొత్తం బండకు ఆనించి, చేతులు వదిలేసి ఒక నిమిషం ఉండండి. బూటు కొంచెం కొంచెంగా జారుతోందంటే అడుగు అరిగిపోయిందని గానీ, గట్టి ప్లాస్టిక్ రకమని గానీ అర్థం. అవి రాచకొండకు పనికిరావు.

మెత్తటి రబ్బరు అడుగున్న మామూలు స్పోర్ట్స్ షూ చాలు, ఖరీదైన ట్రెకింగ్ బూట్లు అక్కర్లేదు. కాకపోతే కాలికన్నా అర సైజు పెద్దవి ఉండాలి. దిగేటప్పుడు పాదం ముందుకు జరిగి బొటనవేలు బూటుకు తగులుతుంది. మూడు గంటలు అలా తగిలితే గోరు నల్లబడుతుంది. బయల్దేరే ముందు రోజు కాలిగోళ్లు కత్తిరించుకోండి. కొత్త బూట్లయితే కనీసం వారం రోజులు ఇంట్లో, వీధిలో వేసుకు తిరిగాకే గుట్టకు తెండి.

జీన్స్ వద్దు. చెమటకు తడిసి బరువెక్కుతుంది, మోకాలు పైకెత్తనివ్వదు, ముల్లు పట్టుకుంటే వదలదు. పలుచటి ట్రాక్ ప్యాంటు, నిండు చేతుల చొక్కా, టోపీ వేసుకోండి. వీటికన్నా ముఖ్యమైనది ఒక పెద్ద నూలు తువ్వాల. తడిపి మెడకు చుట్టుకోవచ్చు, తేనెటీగలు లేస్తే ముఖానికి కప్పుకోవచ్చు, చెయ్యి విరిగితే మెడలో వేసి కట్టు కట్టొచ్చు. గుట్ట మీద ఇన్ని పనులు చేసే వస్తువు ఇంకోటి లేదు.

ఎప్పుడు వెళ్లాలి, ఎన్నింటికి తిరగాలి

అక్టోబర్ నెల మధ్య నుంచి ఫిబ్రవరి నెల మధ్య దాకా మంచి కాలం. వానలు తగ్గి, బండల మీది గుంతల్లో, అంటే దొనల్లో, నీళ్లు నిలిచి, సీతాఫలం చెట్లు పచ్చగా ఉండే అక్టోబర్, నవంబర్ అన్నిటికన్నా బాగుంటాయి. ఫిబ్రవరి చివర మోదుగలు పూసేసరికే బండ కాలడం మొదలవుతుంది. మార్చి నుంచి మే దాకా వద్దు. గాలి వేడి ఒక ఎత్తు, బండ వేడి ఇంకో ఎత్తు. గ్రానైట్ పొద్దుటి నుంచి వేడిని పట్టుకుని సాయంత్రం దాకా వదులుతూనే ఉంటుంది. పై నుంచి ఎండ, కింద నుంచి సెగ, నీడ కోసం గుండు పక్కన కూర్చుంటే గుండు కూడా కాలుతుంది. పైగా ఎండుగడ్డి అంటుకునే కాలం అది.

వానాకాలంలో గుట్ట అందంగా ఉంటుంది, నిజమే. కానీ బండ మీద నల్లటి చారలు చూశారు కదా, అవి వాన నీళ్లు పారే దారులు. వాటి మీద నాచు ఉంటుంది. ఎండాకాలంలో అది ఎండిపోయి పొట్టులా ఉంటుంది, దాని మీద నడిచినా ఏమీ కాదు. తడిస్తే సబ్బు పూసినట్టే. వాన వెలిశాక తెల్లటి బండ కొన్ని గంటల్లో ఆరుతుంది, నల్ల చారలు ఆ రోజంతా ఆరవు. వాన పడిన మర్నాడు కూడా నల్ల చార దాటాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్లండి.

ఇక టైము. డిసెంబర్‌లో హైదరాబాద్‌లో పొద్దు పొడిచేది ఆరున్నర దాటాక, కుంకేది ఐదూ నలభై, ఐదూ యాభై మధ్య. ఏడింటికి గుట్ట కింద నడక మొదలుపెట్టేలా ఇంటి నుంచి బయల్దేరండి. ఇంకా ముందు, చీకట్లో మొదలుపెట్టాలన్న ఉత్సాహం వద్దు. దానికి అసలు కారణం పొలాలు. గుట్టల అంచున ఉన్న చేలల్లో అడవిపందుల కోసం కొందరు సన్నటి బైండింగ్ తీగకు కరెంటు పెడతారు. అది చట్టవిరుద్ధం, అయినా తెలంగాణలో ఏటా దానికి మనుషులు బలవుతున్నారు. చీకట్లో ఆ తీగ కనిపించదు. వెలుతురు వచ్చాకే నడవండి, చేలల్లోంచి అడ్డంగా పోకండి, పగలైనా ఏ తీగనూ చేత్తో గానీ కాలితో గానీ ముట్టకండి.

తిరిగే టైము ఇంట్లోనే రాసి పెట్టుకోండి. ఏడింటికి మొదలుపెడితే పదిన్నరకు, ఎక్కడ ఉన్నా సరే, పైదాకా చేరకపోయినా సరే, వెనక్కి తిరగాలి. రాళ్ల దారిలో దిగడానికి ఎక్కినంత సేపే పడుతుంది, అలసిపోయి ఉంటే ఇంకా ఎక్కువే. పదిన్నరకు తిరిగితే రెండింటికి కింద ఉంటారు. ఏదైనా తేడా వచ్చినా మూడున్నర గంటల వెలుతురు చేతిలో ఉంటుంది. "ఇంకో పది నిమిషాలు, అదిగో కనిపిస్తోంది" అన్న మాట దగ్గరే చాలామంది చిక్కుకుంటారు. గుండ్ల గుట్టల్లో కనిపించే శిఖరం వెనకాల ఇంకో శిఖరం ఉంటుంది.

చదును దారిలో గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడిచే మనిషి ఇక్కడ రెండుకు మించి నడవలేడు. మ్యాప్‌లో మూడు కిలోమీటర్లు చూపిస్తే గంటన్నర వేసుకోండి, పైకి ఎక్కే ప్రతి వంద మీటర్లకు ఇంకో పదిహేను నిమిషాలు కలపండి.

నీళ్లు, తిండి, సంచి

మనిషికి మూడు లీటర్లు, ఎండ గట్టిగా ఉంటే నాలుగు. ఎవరి నీళ్లు వాళ్లే మోయాలి, ఒకరి సంచిలో అందరివీ పెడితే ఆ మనిషి వెనకబడినప్పుడు అందరూ దాహంతో నిలబడాలి. గుట్ట మీద దొనలు, పాత కోనేటి గుంతలు కనిపిస్తాయి. వాటి నీళ్లు తాగకండి. పశువులు దిగుతాయి, ఆకులు కుళ్లుతాయి. అంచులు నాచుపట్టి ఉంటాయి, ఒకసారి లోపలికి జారితే ఎక్కిరావడానికి పట్టు దొరకదు.

సగం నీళ్లు అయిపోయాయంటే, గడియారం ఎంత చూపించినా సరే, వెనక్కి తిరగాలి.

ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు తగ్గి తలనొప్పి, పిక్కలు పట్టేయడం వస్తాయి. ఇద్దరికి ఒకటి చొప్పున లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. ప్యాకెట్ మొత్తం ఒకే లీటరులో కలపాలి. సగం ప్యాకెట్ అరలీటరు సీసాలో అందాజాగా పోస్తే పాళ్లు తప్పుతాయి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు వేసుకోండి, రెండూ తలగొట్టి కొలవాలి.

తిండికి పులిహోర సరైనది. చింతపండు, నూనె వల్ల మధ్యాహ్నం దాకా పాడవదు. పెరుగన్నం ఎండలో పదకొండుకే పులిసిపోతుంది. పల్లిపట్టి, ఖర్జూరం, అరటిపండు నడుస్తూ తినొచ్చు. ప్లాస్టిక్ కవర్ మాత్రం వద్దు, స్టీలు డబ్బాలో పెట్టండి. కవర్ చప్పుడు వింటే కోతులు వచ్చేస్తాయి. వచ్చాక సంచి గుంజుతాయి, గుంజులాటలో జారిపడేది మీరే. కోతి సంచి పట్టుకుంటే వదిలేయండి, అంచున నిలబడి లాగకండి.

మిగతా సామాను కొంచెమే. తలకు కట్టుకునే టార్చి, పగటి నడకే అయినా. ఒక విజిల్. నాలుగంగుళాల క్రేప్ బ్యాండేజీలు రెండు, అంగుళం మైక్రోపోర్ టేపు, శుభ్రమైన గాజుగుడ్డ, గాయాలకు రాసే మందు ఏదైనా, ముళ్లు తీసే పట్టకారు, అలర్జీ ఉన్నవాళ్లకు డాక్టరు రాసిన మాత్రలు. పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు. నాలుగున్నర, ఐదడుగుల వెదురు కర్ర మనిషికొకటి. ఇదంతా నీళ్లతో కలిపి ఆరేడు కిలోలు అవుతుంది. నీళ్ల సీసాలు సంచిలో వీపుకు ఆనేలా పెట్టండి, బయటి జేబుల్లో వేలాడితే వాలు మీద ఒంటిని వెనక్కి గుంజుతాయి.

గునపం, పార, ఇనుప చువ్వ లాంటివేమీ తేవొద్దు. ఇలాంటి పాత కోటల్లో గుప్తనిధుల కోసం తవ్వే ముఠాల బెడద ఉంది. చేతిలో పలుగుతో కనిపించే కొత్త మొహాన్ని ఊరివాళ్లు ఊరికే వదలరు, వదలకూడదు కూడా. పాత నాణెమో విగ్రహం ముక్కో కనిపిస్తే కదిలించకండి, ఫొటో తీసి ఊళ్లో చెప్పండి. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది, దొరికినది కలెక్టరుకు తెలపాలి.

మ్యాపు ఇంట్లోనే సిద్ధం చేసుకోండి

సర్వే ఆఫ్ ఇండియా యాభై వేల స్కేలు మ్యాపులను తన ఆన్‌లైన్ పోర్టల్‌లో ఉచితంగా ఇస్తుంది. వాటిలో రెండు సెంటీమీటర్లంటే ఒక కిలోమీటరు. గోధుమరంగు గీతలు దగ్గరదగ్గరగా ఉన్నచోట నిట్రం వాలు, దూరంగా ఉన్నచోట నడవగల వాలు. ఆ మ్యాపుతో పాటు ఫోన్లో ఉపగ్రహ చిత్రం తెరిచి పెద్దది చేసి చూడండి. తెల్లగా మెరిసేవి పరుపుబండలు, ముదురు ఆకుపచ్చ ముళ్లపొదలు, సన్నటి లేత గీతలు మేకల దారులు. ఆ ప్రాంతం మొత్తాన్ని ఆఫ్‌లైన్‌లో దించుకోండి. ఫోన్లో సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, కానీ మ్యాపు లోపల ఉంటేనే. నడక మొదలుపెట్టగానే ట్రాక్ రికార్డింగ్ ఆన్ చేసి, ఫోన్ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే సిగ్నల్ వెతికి వెతికి మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోతుంది.

ఆ చుట్టుపక్కల చాలా భాగం రిజర్వు అడవి. కోట వైపు, గుడి వైపు జనం నడిచే దారి దాటి లోపలికి పోవాలంటే ముందుగా అటవీ రేంజి కార్యాలయంలో అడిగి అనుమతి తీసుకోండి. రాత్రి బస అయితే అనుమతి లేకుండా ఆలోచనే పెట్టుకోవద్దు.

ఇంట్లో ఒకరికి వాట్సాప్‌లో నాలుగు ముక్కలు పంపండి. ఎవరెవరు వెళ్తున్నారు, బండి నంబరు ఎంత, ఏ ఊరి నుంచి ఎక్కుతున్నారు, ఎన్నింటికి ఫోన్ చేస్తారు. చివరగా "నాలుగింటికి ఫోన్ రాకపోతే 112కు చెప్పు" అని కూడా రాయండి. ఆ వాక్యం లేకపోతే ఇంట్లోవాళ్లు రాత్రి ఎనిమిది దాకా "వస్తారులే" అనుకుంటూ కూర్చుంటారు.

నలుగురుంటే మంచిది. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు పక్కనుండి, ఇద్దరు కిందికి దిగి మనుషులను తెస్తారు. ఒంటరిగా వద్దు. ఎనిమిది మంది దాటితే అది నిశ్శబ్దపు గుట్టా కాదు, ఎవరెక్కడున్నారో లెక్కా ఉండదు.

చేరడం, దారి అడగడం

ఎల్బీనగర్ నుంచి రెండు దారులు. విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాకా పోయి కుడికి సంస్థాన్ నారాయణపురం మీదుగా ఒకటి. సాగర్ రోడ్డులో ఇబ్రహీంపట్నం, అక్కడి నుంచి మంచాల మీదుగా ఇంకొకటి. పొద్దున్నే ఏ దారిన పోయినా రెండు గంటల్లోపే. చౌటుప్పల్‌కూ ఇబ్రహీంపట్నానికీ బస్సులు దండిగా ఉంటాయి. అక్కడి నుంచి లోపలికి ఆటో మాట్లాడుకోవాలి, తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే మాట్లాడుకుని డ్రైవర్ నంబరు తీసుకోండి.

ఊళ్లో బండి పెట్టే ముందు ఆ ఇంటివాళ్లను అడగండి. ట్రాక్టరు తిరిగే చోటు వదిలేయండి. తర్వాత దారి అడగాలి, దీనికో పద్ధతి ఉంది. "అన్నా, ఈ తొవ్వ గుట్ట మీదికి పోతదా?" అని అడిగితే ఎదుటిమనిషి మొహమాటానికైనా "పోతది" అంటాడు. "అన్నా, గుట్ట మీదికి ఏ తొవ్వ పోతది?" అని అడగండి. అప్పుడు ఆలోచించి, చెయ్యి చూపించి, మలుపులతో సహా చెప్తాడు. దూరం అడిగితే "ఇక్కడిక్కడే" అంటారు, వాళ్ల కాళ్లకు అది నిజం కూడా. "మేకలు తోలుకుని పోతే ఎంతసేపు పడ్తది?" అని అడగండి, వచ్చిన జవాబును రెట్టింపు చేసుకోండి. మేకలు కాసే అవ్వ గానీ తాత గానీ కనిపిస్తే ఇంకో రెండు ప్రశ్నలు: తేనెతుట్టెలు ఏ వైపు ఉన్నాయి, నిన్నమొన్న ఏదైనా జంతువు జాడ కనపడిందా. ఈ రెండు సంగతులు ఏ మ్యాపులోనూ ఉండవు.

ఎక్కడం

కోట దారి దర్వాజాల గుండా పోతుంది. రాతి స్తంభాలు నిలబెట్టి పైన అడ్డదూలం వేసిన ఆ దర్వాజాలే మీకు గుర్తులు. దారి మసకబారినచోట నిలబడి తర్వాతి గోడ, తర్వాతి దర్వాజా ఎక్కడుందో చూడండి. పాత కోటల దారి నేరుగా పోదు, శత్రువుకు కనపడకుండా మలుపులు తిప్పి కట్టారు. అడ్డంగా ఎక్కితే దగ్గరవుతుందనిపిస్తుంది. ఆ దగ్గరదారే గుండ్ల మధ్య ఇరికిస్తుంది.

గోడల మీదికి ఎక్కకండి. రాచకొండలో గోడలు చాలాచోట్ల సున్నం లేకుండా పెద్దపెద్ద రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టినవి. ఒక రాయి బరువే ఇంకో రాయిని పట్టుకుంటుంది. ఏడువందల ఏళ్ల దగ్గర నిలిచిన గోడ ఒక ఫొటో కోసం కదలకూడదు, పైగా కదిలే రాయి మీ కాలి మీదే పడుతుంది.

పది నిమిషాలకోసారి ఆగి వెనక్కి తిరిగి చూడండి. దారి చీలినచోట, పరుపుబండ మొదలైనచోట, వెనక్కి తిరిగి ఒక ఫొటో తీయండి. తిరిగొచ్చేటప్పుడు మీ కళ్లకు కనిపించేది ఆ దృశ్యమే, ఎక్కేటప్పుడు చూసింది కాదు. పరుపుబండ మీద అడుగుజాడలు పడవు. బండ దిగి మళ్లీ పొదల్లో దారి ఎక్కడ మొదలవుతుందో తెలియకే ఎక్కువమంది తప్పిపోతారు. రంగుతో బాణాలు గీయకండి, రాళ్లు పేర్చి గుర్తులు పెట్టకండి. ఆ రాళ్లు గోడవి కావచ్చు, మీ గుర్తు ఇంకొకరిని తప్పు దారి పట్టించొచ్చు.

మన గుట్టల గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్లనాటిది. ఉల్లిపొరల్లా పైపొరలు ఊడుతూ ఉంటుంది. కర్రతో తడితే కొన్నిచోట్ల డొల్ల చప్పుడు వస్తుంది, అది ఊడటానికి సిద్ధంగా ఉన్న పెచ్చు. దాన్ని పట్టుకుని ఒంటి బరువు వేయకండి. ఎండిన శుభ్రమైన బండ గరుకు కాగితంలా కాలిని పట్టుకుంటుంది. ప్రమాదం దాని మీద పడివున్న మొరంలో ఉంది. వాలు బండ మీద సన్న మొరం అంటే గోలీల మీద నడవడమే. బండకూ మొరానికీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే బండ వైపే అడుగు వేయండి.

వాలు ఎక్కేటప్పుడు మడమ లేపకండి, అరికాలు మొత్తం ఆనించి చిన్న చిన్న అడుగులు వేయండి. వంగి చేతులతో బండ పట్టుకోవాలనిపిస్తుంది, కానీ ఒళ్లు బండకు దగ్గరైన కొద్దీ కాళ్లు వెనక్కి జారుతాయి. నిటారుగా ఉంటే బరువు కాళ్ల మీద పడుతుంది, పట్టు పెరుగుతుంది. గుండు ఎక్కే ముందు ఒకటే ప్రశ్న: దీన్ని దిగగలనా? ఎక్కడం కళ్లెదుట చేసే పని, దిగడం కనపడకుండా చేసే పని. దిగలేననిపిస్తే ఎక్కొద్దు.

గుండ్ల మధ్య సందుల్లో ఎండాకులు నిండి నేలలా కనిపిస్తాయి. కింద మోకాలిలోతు గొయ్యి ఉండొచ్చు. కర్రతో పొడిచి చూశాకే కాలు పెట్టండి. కనపడని చోట చెయ్యి పెట్టొద్దు, గట్టు మీదికి చెయ్యి వేసేముందు కర్రతో తట్టండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగూ మన ప్రాంతంలో ఉన్నాయి. పింజరులు అదిరి పారిపోవు, కదలకుండా పడుకుంటాయి. గుహలు, చీకటి సొరంగాల్లోకి దూరకండి.

దూలగొండి తీగ సంగతి తెలియకపోతే తెలుసుకోండి. చలికాలంలో గోధుమరంగు నూగుతో కాయలు వేలాడతాయి. ఆ నూగు తగిలితే దురద ఆగదు. రుద్దితే ఇంకా లోపలికి పోతుంది. టేపు అంటించి లాగేయండి, తర్వాత రుద్దకుండా నీళ్లు పోయండి.

తేనెటీగలు

గుట్ట మీద పాముకన్నా ఎక్కువ భయపడాల్సింది వీటికే. కొండ తేనెటీగలు పెద్ద బండల చూరు కింద, తలుపంత నల్లటి తుట్టెలు పెడతాయి. జుమ్మనే చప్పుడు, బండ మీద పసుపు చుక్కలు కనపడితే పైకి చూడండి. తుట్టె ఉంటే మాట్లాడకుండా వచ్చిన దారినే వెనక్కి పోండి. సెంటు పూసుకుని రావొద్దు, పొగ పెట్టొద్దు, పాటలు పెట్టొద్దు, రాయి దొర్లించొద్దు, డ్రోన్ ఎగరేయొద్దు.

లేచాయంటే తువ్వాలతో తల, ముఖం కప్పుకుని వెంటనే దూరంగా కదలండి. నిలబడి చేతులతో కొట్టకండి. ఒక్కటి కుడితే ఆ వాసనకు మిగతావి వస్తాయి, కాబట్టి ఆగిన మనిషినే చుట్టుముడతాయి. అంచుల వైపు మాత్రం పరిగెత్తకండి, కుట్లకన్నా పడిపోవడం ప్రమాదం. దూరం వచ్చాక ముళ్లను గోటితో గీకి తీసేయండి. ఎలా తీశామన్నదానికన్నా ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. ఊపిరి ఆడకపోయినా, పెదవులు, నాలుక వాచినా, చాలా కుట్లు పడినా 108కి ఫోన్ చేయండి.

ఏదైనా జరిగితే

దారి తప్పామనిపించగానే ఆగి, నీళ్లు తాగి, కూర్చోండి. ట్రాక్, ఫొటోలు చూసుకుని చివరిగా తెలిసిన చోటికి వెనక్కి వెళ్లండి. వాగు వెంట దిగిపోతే ఎక్కడో ఊరు తగులుతుందనే ఆలోచన గ్రానైట్ గుట్టల్లో పనికిరాదు. వాగు గుండ్ల గుట్టలోకి దూరి, మనిషి దిగలేని ఎత్తు నుంచి కిందికి పడుతుంది. అక్కడ ముందుకూ పోలేరు, వెనక్కి ఎక్కనూ లేరు. లోయలో సిగ్నల్ దొరకకపోతే పైకి, చెరువులూ ఊళ్లూ కనపడే చోటికి వెళ్లి ఫోన్ చేయండి. ఫోన్ మ్యాపులోని అక్షాంశ రేఖాంశాలు చదివి చెప్పండి, ఏ ఊరి నుంచి ఎక్కారో చెప్పండి. విజిల్ అయితే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదండి.

పాము కాటేస్తే కోయకండి, నోటితో పీల్చకండి, తాడుతో బిగించి కట్టకండి. కాలు కదలకుండా కర్రతో కట్టి, ఉంగరాలు, పట్టీలు తీసేసి, మోసుకుని దింపండి. బాధితుణ్ని నడిపిస్తే విషం త్వరగా పాకుతుంది. విరుగుడు ఆసుపత్రిలోనే ఉంది, ఆ నాలుగు పాములకూ ఒకటే మందు. పామును పట్టి తీసుకెళ్లాల్సిన పని లేదు.

చీలమండ మెలిపడితే బూటు విప్పకండి. విప్పితే వాచి మళ్లీ పట్టదు. బూటు మీది నుంచే క్రేప్ బ్యాండేజీ ఎనిమిది అంకెలా చుట్టి, రెండు కర్రల సాయంతో దిగండి.

తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం ఎండ దెబ్బకు మొదటి మెట్టు. నీడకు చేర్చి, ఓఆర్ఎస్ పట్టి, తువ్వాల తడిపి కప్పి విసరండి. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా వడదెబ్బే, ఒంటి మీద నీళ్లు పోస్తూనే 108కి చెప్పండి. స్పృహ సరిగా లేని మనిషికి నీళ్లు తాగించకండి.

అక్టోబర్ మధ్యాహ్నాల్లో ఉరుములు మామూలే. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ పెట్టుకోండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్లు కూడా లేవంటే పిడుగు పది కిలోమీటర్లలోపే ఉన్నట్టు. శిఖరం, ఒంటరి చెట్టు, చిన్న బండ చూరు మూడూ వదిలి కిందికి దిగండి.

దిగడం, దిగాక

ఎక్కువ దెబ్బలు దిగేటప్పుడే తగులుతాయి. మోకాళ్లు కొంచెం వంచి, ఒళ్లు కాస్త ముందుకు ఉంచి, అడుగులు చిన్నవి చేయండి. భయంతో వెనక్కి వాలితే మడమ జారి కూలబడతారు. మరీ నిట్రంగా ఉంటే కూర్చుని, ఒక్కో కాలే కదుపుతూ దిగండి, అందులో సిగ్గేమీ లేదు. గట్టిగా నడవగల ఇద్దరిలో ఒకరు ముందు, ఒకరు వెనక ఉండండి, మందుల సంచి వెనక మనిషి దగ్గరుండాలి. ఒకరి మీద ఒకరు నిలువుగా దిగకండి, పైవాళ్లు కదిలించిన రాయి కిందివాళ్లకు తగులుతుంది.

తెచ్చిన చెత్త, అరటి తొక్కలతో సహా, వెనక్కి తెచ్చుకోండి. కింద బండి దగ్గర సాక్సుల్లో గుచ్చుకున్న గడ్డిగింజలు, మోకాళ్ల వెనక, నడుము దగ్గర పట్టే పిడుదులు చూసుకోండి. ఇంటికి ఫోన్ చేయండి. పొద్దున దారి చెప్పిన మనిషి కనిపిస్తే దిగామని చెప్పండి, కనపడకపోతే ఆ ఇంటి దగ్గర ఒక మాట వదిలి రండి. లేకపోతే మీరింకా గుట్ట మీదే ఉన్నారనుకుని, చీకటి పడ్డాక టార్చి పట్టుకుని వెతకడానికి బయల్దేరేది వాళ్లే.